ముందరి నాలుగు

తాడిపత్రి
14 అక్టోబరు 2001

ఏమప్పా లక్ష్మీపతి బావా,

ఈడ నేనూ మీ చౌడేశ్వరి అక్కా బాగుండాము. నీవెట్లుండావని అడగను. అడిగితే "బాగున్నాను" అని ఒక్క మాట రాసి కార్డు పంపిస్తావు. మిగతా కార్డంతా తెల్లగా వస్తాది.

శానా పెద్ద సంగతి ఉండాది, కూర్చొని చదువు. వచ్చే మార్చి పదహారున అనంతపురంలో పద్యనాటకాల పోటీ పెడతాండారు. యాడాడి సమాజాలో వస్తాయంట. మన తాడిపత్రి సమాజం పేరు ఇచ్చేసినా! మన ఎర్రప్ప రాసిన కరువు రాజు నాటకమే. రాజు వేషం నాది, ఇంకెవరిది? హార్మోనియం ఎర్రప్పది. క్లారినెట్ అన్న చోట "లక్ష్మీపతి, లైబ్రేరియన్, కళ్యాణదుర్గం" అని రాయించినా. నిన్ను అడగలేదు. అడిగితే వద్దంటావని అడగలేదు.

రెండో అంకంలో రాజు ఎండిన చెరువులో నిలబడి మొగులును వాన అడుక్కుండే పద్యం ఉండాదే, అది నీ క్లారినెట్ లేకుండా పాడితే ఈడ రాళ్ళు పాలిష్ పట్టే మిషను మాదిరి ఉంటాదంట నా గొంతు. ఇది నా మాట కాదు, మీ అక్క మాట. ఎన్ని ఊర్లలో మనమిద్దరం ఆ పద్యానికి జనంతో "వన్స్ మోర్" అనిపించుకోలేదు! నీ పెండ్లాం, మా చెల్లెలు హేమ పోయినప్పటి నుంచి నీవు ఆ పెట్టె మూత తీయలేదు. రెండేండ్లాయె. నేనేమీ అనలేదు. ఇప్పుడంటాండా. మూత తియ్యి.

హేమ పెట్టిన చీనీ తోట ఎట్లుండాది? వానలు మొగం చాటేసినాయి, బోరు పోస్తాందా? కాపెట్లుండాది? అన్నీ రాయి. ఫోను మాత్రం చేయొద్దు. ఫోన్లో నీవు "ఊ" అంటావు, ఈడ మిషన్ల సద్దులో అది కూడా వినపడదు.

నీ మంచి కోరే బావ,
రామాంజులు


కళ్యాణదుర్గం
22 అక్టోబరు 2001

రామాంజులు బావకు,

జాబు అందింది. క్లారినెట్ నా వల్ల కాదు. వేరే వాళ్ళను చూసుకో.

పండ్ల సంగతి బాగా లేదు. చిగుళ్ళు వాచినాయి. నొక్కితే చీము. ముట్టుకుంటే కదులుతున్నాయి. ఇక్కడికి వారానికొకసారి వచ్చే డాక్టరు చూసినాడు. ముందరి నాలుగు పీకేయాలన్నాడు. వచ్చే నెల పీకించేస్తాను.

బోరు కొంచెం తగ్గింది. అక్కకు నమస్కారం.

లక్ష్మీపతి


తాడిపత్రి
29 అక్టోబరు 2001

బావా,

నీ కార్డు చదివినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. క్లారినెట్ గంగలో కలవనీ. ముందరి నాలుగు పీకించేస్తావా? ఎంత సులభంగా రాసినావప్పా! గేటు పక్కన ముందరి నాలుగూ మా హేమ తన చేత్తో పెట్టినవి. మిగతావి కూలోళ్ళు పెట్టినారు. ఆ నాలుగూ నేను గుంతలు తీస్తే అది బిందెతో నీళ్ళు మోసి పెట్టింది. నీకు తెలీదా?

వారానికొకసారి వచ్చేటోనికేం తెలుసు? పీకేస్తే వానికి మళ్ళా వచ్చి చూసే బాధ తప్పుతాది, అంతే. చిగుళ్ళకు తెగులొచ్చిందని నిలువునా పీకేదా? అట్లయితే తలనొప్పి వస్తే తల తీసేస్తాడా వాడు?

నేను చెప్పేది విను. రోగం పైన కనపడతాది గానీ ఉండేది మొదట్లో. మొదలు చుట్టూ పేరుకున్న చెత్తంతా తీసెయ్. చీమో బంకో కారే తావ మెల్లిగా గీకు, పచ్చిది తెగనీయొద్దు. శుభ్రంగా కడుగు. మందు పూయి. ఒక్క దినం చేసి గమ్మునుంటే లాభం లేదు. మళ్ళా చెత్త చేరకుండా రోజూ నీవే చూసుకోవాల. మొదలు శుభ్రంగా ఉంటే, కదిలేది కూడా మళ్ళా పట్టు దొరికించుకుంటాది. మా నాయన ఇట్ల ఎన్నింటిని బతికించినాడో!

నేను వచ్చేదాకా ఒక్కటి కూడా పీకించొద్దు. నా మీద ఒట్టు.

కోపంతో,
రామాంజులు


కళ్యాణదుర్గం
12 నవంబరు 2001

రామాంజులు బావకు,

నేను రాసింది నోట్లో పండ్ల గురించి. చీనీ పండ్ల గురించి కాదు. చిగుళ్ళు కూడా నావే. ముందరి నాలుగు అంటే పై వరుసలో ముందరి పండ్లు. క్లారినెట్ ఆనించేది వాటి మీదే. అందుకే కుదరదని రాసినాను.

నీ జాబు లైబ్రరీలో చదివినాను. నవ్వొచ్చింది. పేపరు చదివే వాళ్ళు తలెత్తి చూసినారు. నవ్వితే చిగుళ్ళ నుంచి రక్తం వచ్చింది. పోయి నోరు కడుక్కొని వచ్చి మళ్ళీ చదివినాను.

మొదట్లో గీకాలి, కడగాలి, రోజూ చూడాలి, పీకకూడదు అని రాసినావు. ఇది నోటికి కూడా పనికొస్తుందా అని అనుమానం కలిగింది. సెలవు పెట్టి అనంతపురం పోయినాను. అక్కడ జ్యోతి అని ఒక డాక్టరు ఉన్నారు. చిగుళ్ళ వైద్యమే ఆమె ప్రత్యేకంగా చదివింది. సన్నని కడ్డీతో ప్రతి పన్ను చుట్టూ చిగురు ఎంత లోతుకు వదిలిందో కొలిచినారు. ఎక్స్‌రే తీయించినారు. ఈ రోగానికి షుగరు తోడైతే కష్టమని ఆ పరీక్ష కూడా చేయించినారు. షుగరు లేదు.

తరువాత ఆమె నీ మాటలే నాకు చెప్పినారు. పాచి గట్టిపడి గార అయింది, అది చిగురు కిందికి దిగింది, వేళ్ళ దాకా గీకి శుభ్రం చేయాలి, ఆ పైన రోజూ నేనే చూసుకోవాలి. ముందరి నాలుగూ ఇప్పుడే పీకనక్కర్లేదు, గీకి చూద్దామన్నారు. దక్కుతాయని మాట ఇవ్వలేదు. వెనక దవడ పన్ను ఒకటి మాత్రం దక్కదని తీసేసినారు. దాని అవసరం క్లారినెట్‌కు లేదు.

నీకు వెంటనే రాసి ఉండాల్సింది. డాక్టరు మాట విన్న తరువాత రాద్దామనుకున్నాను. తిరిగొచ్చి తోటకు పోతే గేటు పక్కన నాలుగు చెట్లకూ నడుమెత్తు దాకా నీలం మందు పూసి ఉంది. పాదులన్నీ కొత్తగా తవ్వి ఉన్నాయి. కావలి ఉండే వెంకటేశులును అడిగినాను. "మీ బావ వచ్చి తిట్టి పోయినాడు సార్" అన్నాడు. ఎవరినని అడిగితే "మిమ్మల్నే" అన్నాడు.

చెట్లకు ఏ తెగులూ లేదు.

లక్ష్మీపతి


తాడిపత్రి
18 నవంబరు 2001

అప్పా, మహానుభావా,

నీ జాబు మీ అక్క గట్టిగా చదివింది. సగం చదివి కింద కూలబడి నవ్వింది. ఇంగ చదవలేక నాకిచ్చింది. నేను చదివి నవ్వలేదు, కాసేపు. తర్వాత నవ్వినా.

అసలు నీవు జాబు రాసే పద్ధతేందప్పా? "నా నోట్లో" అని ఒక్క మాట రాస్తే నీ సొమ్మేం పోతాది? నీవు పండ్లు, చిగుళ్ళు, పీకేది అని రాస్తే తోట ఎట్లుండాదని అడిగిన మనిషి ఏమనుకోవాల?

అది ఎంత కథ జరిగిందో విను. కళ్యాణదుర్గం మీదుగా పోయే రాళ్ళ లారీ ఎక్కి, ఒళ్ళో మందు డబ్బా పెట్టుకొని వచ్చినా. నీవు ఇంట్లో లేవు. సరే, వీడు పీకే మనుషులను పిలుచుకొచ్చేదానికే పోయినాడని తోటకు ఉరికినా. వెంకటేశులును పట్టుకొని, "ఏమిరా, ముందరి నాలుగూ పీకుతాండారంట?" అంటే వాడు, "మా సార్ తోటలోకి వచ్చి రెండు నెలలాయె, ఆయన పీకేదేంది?" అన్నాడు. చెట్లు చూస్తే నిగనిగలాడతాండాయి. రోగం యాడా కనపడలేదు. కనపడలేదంటే లోపల ఉండాదని మందు పూసినా. పాదుల్లో గడ్డి మోకాలెత్తు ఉండె, దానికి నిన్ను తిట్టినా. ఆ తిట్లు మాత్రం వాపసు తీసుకోను.

ఇప్పుడు అసలు మాట. బావా, పండ్లు గీకించొద్దు! చెట్టు వేరే, మనిషి వేరే. గీకిస్తే పండ్లు వదులవుతాయని ఊరందరికీ తెలుసు. మీ అక్క పిన్నమ్మ ఆంజినమ్మ ధర్మవరంలో గీకించుకొని, ఏడాది తిరగకముందే వక్క నమలలేని గతికొచ్చింది. గార ఉంటేనే పండ్లు గట్టిగా పట్టుకొని ఉంటాయి. గోడకు సున్నం మాదిరి అది. దాన్ని తీసేస్తే రాలిపోవా? పై పండ్లు పీకిస్తే కండ్లు కూడా పోతాయంటారు. పోటీకి నాలుగు నెలలుండాది. కానుగ పుల్లతో తోము, ఉప్పు రుద్దు, లవంగం పెట్టుకో. నీవు నా పక్కన నిలబడి ఆ పద్యానికి వాయిస్తావని ఈడ అందరికీ చెప్పినా.

ఈసారి పండ్లంటే పండ్లే అనుకుంటాండా,
రామాంజులు


కళ్యాణదుర్గం
3 డిసెంబరు 2001

రామాంజులు బావకు,

గీకించుకున్నాను. మత్తు సూది వేసి, ఒక్కో వారం నోట్లో ఒక్కో పక్క. రెండు వారాలు అయినాయి, రెండు ఉన్నాయి.

ఆంజినమ్మ గారి సంగతి డాక్టరును అడిగినాను. ఆమెకు ఇది కొత్త ప్రశ్న కాదు. గార పండ్లను పట్టుకొని ఉండదు, పండ్లను పట్టుకొని ఉండే ఎముకను కరిగిస్తుంది అన్నారు. ఆంజినమ్మ గారు చివరి దశలో వచ్చి ఉంటారు, తరువాత తోముకోవడం కూడా నేర్చుకొని ఉండరు, నింద గీకినవాళ్ళ మీద పడింది. కండ్లకూ పై పండ్లకూ సంబంధం లేదు. లవంగం నొప్పిని మరిపిస్తుంది, రోగాన్ని తీయదు. ఉప్పు రుద్దకూడదు, గోరువెచ్చని నీళ్ళలో కలిపి పుక్కిలించాలి.

ఎట్లా తోముతారని అడిగినారు. రెండేళ్ళుగా సరిగా తోమడం లేదని చెప్పినాను. ఎందుకని అడగలేదు. మెత్తని బ్రష్షు చేతికిచ్చి అద్దం ముందు నిలబెట్టినారు. బ్రష్షును ఏటవాలుగా, సగం పన్ను మీద, సగం చిగురు అంచు మీద ఆనించాలి. గట్టిగా రుద్దకూడదు. ఉన్న చోటనే చిన్నగా కదిలించాలి. చిగురుకూ పన్నుకూ మధ్య ఉండే పాచి అట్లా పోతుంది. రాత్రి పడుకునే ముందు తప్పనిసరి. పాచి దినం దినం పుడుతుందట. రక్తం వచ్చిందని ఆ చోటు వదిలేయకూడదు. ఆ చోటే బాగా శుభ్రం చేయాలి. ఇంతకాలం నేను దానికి తలకిందులుగా చేసినాను.

వాపు తగ్గింది. కానీ వాపు తగ్గేసరికి సందులు పెద్దవిగా కనిపిస్తున్నాయి. చన్నీళ్ళు తగిలితే జివ్వుమంటుంది. ముందరివి మునుపటి కంటే ఎక్కువ కదులుతున్నట్టు తోస్తుంది. చిగురు బిగుసుకోవడానికి కాలం పడుతుందన్నారు. అంతవరకు వాటి మీద ఏదీ ఆనించకూడదు.

క్లారినెట్ పెట్టె తెరిచినాను. తుడిచి మూసినాను. మార్చికి నన్ను నమ్ముకోవద్దు. వేరే ఏర్పాటు చేసుకో.

లక్ష్మీపతి


తాడిపత్రి
11 డిసెంబరు 2001

బావా,

నేను చెప్పలా! గీకిస్తే వదులవుతాయని చెప్పలా? సరే, అయిపోయింది. ఇంగ ఆ డాక్టరమ్మ చెప్పినట్లే చెయ్. సగం దారిలో దిగితే రెండూ చెడతాయి.

నీవు చెప్పినట్లే వేరే ఏర్పాటు చేసినా. గుత్తి నుంచి యేసన్న అని ఒకాయన, కీబోర్డు వాయిస్తాడు. ఏం మనిషప్పా! ఒక బటన్ నొక్కితే వయొలిన్, ఇంకోటి నొక్కితే ఫ్లూటు. రాజు వాన అడిగే తావ ఉరుములు, మెరుపులు, జోరున కొట్టే వాన, అన్నీ ఆ పెట్టెలోనే ఉండాయి! మెరుపులు ఎట్ల వాయిస్తావప్పా అని నేను ఎగతాళి చేస్తే, దానికి కూడా ఒక సద్దు చేసి చూపించినాడు. క్లారినెట్ బటన్ కూడా ఉండాదంట. నీవేమీ దిగులు పెట్టుకోవద్దు. నిమ్మళంగా ఇంట్లో కూర్చొని పండ్లు చూసుకో.

పండ్ల సందులు దారంతో శుభ్రం చేస్తారని యేసన్న చెప్పినాడు. మీ అక్క పుట్టింటి ధర్మవరం పట్టుదారం ఒక చుట్ట పంపిస్తాండా. మగ్గం మీదికి పోవాల్సింది నీ నోట్లోకి వస్తాండాది. ఇంత ఖరీదైన నోరు కళ్యాణదుర్గంలో ఇంకోటి ఉండదు.

రామాంజులు


కళ్యాణదుర్గం
20 డిసెంబరు 2001

రామాంజులు బావకు,

దారం అందింది. డాక్టరుకు చూపించినాను. నా సందులు పెద్దవి కాబట్టి దారం కంటే సందుల్లో దూరే చిన్న బ్రష్షు మేలన్నారు. పట్టుదారం మంచిదే, జరీ లేకుంటే చాలన్నారు.

క్లారినెట్ బటన్ ఉండడం మంచిదైంది.

మార్చి పదహారున నేను అనంతపురం రాను. చూడడానికి కూడా రాను. లైబ్రరీలో పని ఉంది.

లక్ష్మీపతి


తాడిపత్రి
29 డిసెంబరు 2001

బావా,

మార్చిలో ఉండే పని నీకు డిసెంబరులోనే తెలిసిందా? నీ జాబు మూడుసార్లు చదివినా. "క్లారినెట్ బటన్ ఉండడం మంచిదైంది." ఈ ఒక్క ముక్క కాడ మీ అక్క, "నీకు బుద్ధి ఉండాదా?" అని నన్నడిగింది. "ఆయన తనను నమ్ముకోవద్దంటే అయ్యో అనాల. నీవు యేసన్న మెరుపుల గురించి రాస్తావా?" అన్నది.

అప్పా, నీవు చూసుకోమంటే చూసుకున్నా. మళ్ళా మళ్ళా అడిగి నిన్ను కష్టపెట్టకూడదని, నాకేం బాధ లేనట్లు రాసినా. అది ఎక్కువైంది. నీకు కోపమొచ్చింది. ఒక మాట చెప్తా, తిట్టుకోవద్దు: నీకు కోపమొచ్చినందుకు నాకు సంతోషంగా ఉండాది. రెండేండ్లాయె నీకు ఏ దాని మీదా కోపం రాక.

నిజం చెప్తా విను. యేసన్నతో రిహార్సలు చేసినాము. వాన బాగా కురిసింది. పద్యమే తడిసి ముద్దయింది. "ఓ మేఘమా" అని నేను సాగదీసి పైకి పోతానే, ఆ తావ ఆ పెట్టె నిలబడదు. దానికి తాళం తప్ప ఇంకేం తెలీదు, ముందుకు పోతానే ఉంటాది. నీవయితే నేను ఊపిరి తీసుకొని వచ్చేదాకా ఆ స్వరాన్ని పట్టుకొని నిలబెడతావు. ఎర్రప్ప హార్మోనియం మూసి, "రామాంజులూ, మీ బావను పిలుచుకొని రా, లేకుంటే పేరు వెనక్కి తీసుకో" అన్నాడు.

నీ తావ నీకే ఉండాది. నాలుగు పండ్లతో రా, మూడు పండ్లతో రా. లేదంటే వాయించకుండా ఉత్తగా నా పక్కన కూర్చో.

రామాంజులు


కళ్యాణదుర్గం
27 జనవరి 2002

రామాంజులు బావకు, అక్కకు,

ఈ పొద్దు తోముకొని ఉమ్మితే తెల్లగా ఉంది. నిన్న కూడా తెల్లగానే ఉండింది. నమ్మలేక అద్దంలో చూసినాను. ఎర్రగా, ఉబ్బి, తాకితే కారే చిగుళ్ళు ఇప్పుడు లేత రంగుకు వచ్చి పండ్లను అంటుకొని ఉన్నాయి. డాక్టరు మళ్ళీ కడ్డీతో కొలిచినారు. చాలా చోట్ల లోతు తగ్గింది. ఆమె కాగితం మీద పాత కొలతల పక్కన కొత్తవి రాసి, కాగితం నా వైపు తిప్పి చూపించినారు. పరీక్ష పాసైనవాని మాదిరి నిలబడినాను.

ముందరి నాలుగింటినీ వెనక నుంచి సన్నని తీగతో ఒకదానికొకటి కట్టినారు. ఒక్కదాని మీద పడే బరువు నాలుగూ పంచుకుంటాయి. బయటికి కనపడదు. క్లారినెట్ సంగతి చెప్పినాను. ఆమె, పన్ను మీద నేరుగా బరువు పడకుండా వాయించే దారి ఉంటే చూడండి, లేకుంటే వద్దు అన్నారు.

బస్సులో దారి పొడుగునా అదే ఆలోచించినాను. మనం మామూలుగా కింది పెదవిని పండ్ల మీదికి మడిచి, పై పండ్లను నేరుగా క్లారినెట్ మూతి మీద ఆనిస్తాము. పై పెదవిని కూడా మడిస్తే? ఇంటికి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా పెట్టె తెరిచినాను. రెండు పెదవులూ మడిచి మధ్యలో పెట్టి ఊదినాను. మొదట ఉత్త గాలి. తరువాత బాతు అరుపు. పక్కింటి బయమ్మ గోడ మీది నుంచి చూసి, "ఏమన్నా, బాతునేమైనా పట్టినావా?" అని అడిగింది. ఆమె లోపలికి పోయిన తరువాత స్వరం వచ్చింది! పండ్లకు తగలలేదు. పై పెదవి నొప్పి పుట్టింది, అంతే. ఈ వారమంతా లైబ్రరీ మూయగానే ఇంటికి వచ్చి ఇదే పని. నిన్న నీ పద్యం రాగమంతా ఒక్క ఊపులో వాయించినాను, బావా. శుభపంతువరాళి నాకు ఇంకా వస్తుంది.

ఒక చిక్కు ఉంది. ఇట్లా వాయిస్తే నాదం మెత్తగా, చిన్నగా వస్తుంది. మునుపటి మాదిరి నీ గొంతును దాటి పోదు. నీవు అరిస్తే నేను వినపడను. నేను రావాలంటే నీవు తగ్గాలి. ఆ పద్యం వరకన్నా తగ్గాలి.

తగ్గగలవా? వెంటనే రాయి.

లక్ష్మీపతి


తాడిపత్రి
3 ఫిబ్రవరి 2002

అప్పా బావా!

రెండు పేజీల జాబు! లక్ష్మీపతి అనే మనిషి రెండు పేజీల జాబు రాసినాడని నేను సమాజంలో చెప్తే ఎవరూ నమ్మలేదు, తెచ్చి చూపించినా.

నన్ను తగ్గమంటావా? రామాంజులును? నేను పుట్టినప్పుడు ఏడిస్తే పక్క వీధి మేకలు బెదిరినాయంట. పొద్దంతా మిషన్ల మధ్య నిలబడి "ఆపరా ఆ రాయి!" అని అరిచే గొంతప్పా ఇది. పద్యమంటే మైకు లేకున్నా చివరి వరుసలో ముసలోనికి కూడా వినపడాల, అట్ల నేర్చుకున్నా. తగ్గితే జనం నవ్వరా?

నీ జాబు మడిచి జేబులో పెట్టుకొని ఒక దినమంతా మూతి ముడుచుకున్నా. రాత్రి అన్నం తిన్నాక, సరే చూద్దామని గొంతు తగ్గించి ఆ పద్యం అన్నా. మీ అక్క గిన్నెలు తోముతా ఉండింది. చప్పుడు ఆగిపోయింది. వచ్చి వాకిట్లో నిలబడింది. "ఆ మూడో పాదంలో 'పసిదూడ నాలుక' అని ఉండాదా? ఇన్నేండ్లుగా వింటాండా, ఈ పొద్దు వినపడింది" అన్నది.

ఇంగేం చెప్పేది? తగ్గుతా. యేసన్నకు చెప్పినా, మిగతా అంకాలన్నీ ఆయనవి, ఈ పద్యానికి మాత్రం వాన కురిపించొద్దని. మంచి మనిషి, ఒప్పుకున్నాడు.

ఇంకో సంగతి. నీ చిగుళ్ళ పురాణం చదివి నేను అద్దంలో చూసుకున్నా. వక్కాకు నమిలి నమిలి నా నోరు మన ఎర్రనేల మాదిరి ఉండాది. రక్తమేదో, వక్కాకేదో తెలీదు. వచ్చే వారం నన్ను కూడా ఆ డాక్టరమ్మ కాడికి తీసుకొని పో. గీకితే గీకనీ.

రామాంజులు


తాడిపత్రి
19 మార్చి 2002

బావా,

నీవు ఎవరికీ చెప్పకుండా కళ్యాణదుర్గం బస్సెక్కి పోయినావు. తెర పడినాక నిన్ను వెతికితే నీ కుర్చీ ఉత్తదిగా ఉండాది. అందుకే ఈ జాబు. నాకు మూడు దినాలుగా నిద్ర లేదు. సంతోషమో ఏందో తెలీదు.

నీవు కింద పక్కకు కూర్చున్నావు, నీకు జనం కనపడలేదు. నాకు కనపడినారు. చెప్తా విను. నేను మెల్లిగా ఎత్తుకోంగానే వెనక వరుసలో ఒకడు, "ఏమప్పా రాజూ, అన్నం తినలేదా?" అని అరిచినాడు. నలుగురు నవ్వినారు. ఇంగ పాత మాదిరి ఎగదోసి అరుద్దామని ఊపిరి కూడా పట్టినా. అప్పుడు నీవు వచ్చినావు. చీకట్లో ఎవరో దగ్గరకొచ్చి చెవిలో చెప్పినట్లు వచ్చినావు. నేను అరవలేదు. నవ్వినోళ్ళను పక్కనోళ్ళే గదమాయించినారు. "పసిదూడ నాలుక" కాడికి వచ్చేసరికి హాలులో ఫ్యాన్ల సద్దు వినపడింది నాకు. చివరి పాదంలో నేను ఊపిరికి ఆగితే, నీవు ఆ స్వరాన్ని అట్లే పట్టుకొని నిలబెట్టినావు. ఎంతసేపు నిలబెట్టినావప్పా! నేను మళ్ళా వచ్చి దాన్ని అందుకున్నా.

"వన్స్ మోర్!" అన్నారు. అందరూ. అన్నం తినలేదా అన్న వాడు లేచి నిలబడి అన్నాడు.

పోటీ రూలు నీకు తెలుసు. మొదట్లోనే మైకులో చెప్పినారు: వన్స్ మోర్‌కు మళ్ళా పాడకూడదు, పాడితే మార్కులు కోస్తామని. నేను జనానికి దండం పెట్టి, తర్వాతి మాట అందుకుందామని నోరు తెరిచినా. నీ క్లారినెట్ లేచింది! మళ్ళా మొదటి నుంచి! ఎర్రప్ప చేయి హార్మోనియం మీద అట్లే ఆగిపోయింది. నా వైపు చూసినాడు. నేను నీ వైపు చూసినా. నీవు కండ్లు మూసుకొని ఉండావు. జడ్జీలు గంట కొట్టినారు. నీవు ఆపలేదు. ఇంగ నేనేం చేసేది? పాడినా.

మార్కులు కోసినారు. రావాల్సిన బహుమతి రాలేదు. ఉత్త చేతులతో తాడిపత్రికి వచ్చినాము. ఎవరికీ బాధ లేదు, ఎర్రప్ప అయితే దారి పొడుగునా ఆ పద్యమే కూనిరాగం తీసినాడు. కానీ నాకు ఒకటే మాట చెప్పు. నీవు రూలు తప్పే మనిషివి కావు. పుస్తకం ఆలస్యంగా ఇచ్చినానని సొంత బావకు జరిమానా వేసినోనివి. అట్లాంటి మనిషివి ఎందుకు మళ్ళా ఎత్తుకున్నావు? గంట వినపడలేదా?

రామాంజులు


కళ్యాణదుర్గం
26 మార్చి 2002

రామాంజులు బావకు,

గంట వినపడింది. రూలు కూడా గుర్తుంది. సమాజం వాళ్ళు ఎవరైనా ఏమన్నా అంటే నా పేరు చెప్పు.

మొదటిసారి వాయించేటప్పుడు ధ్యాసంతా పండ్ల మీదే ఉంది. పెదవి జారుతుందేమో, తీగ తెగుతుందేమో, నాలుగింటిలో ఏదన్నా కదులుతుందేమో అని. నీ పద్యం ఒక్క ముక్క నా చెవిన పడలేదు. నీవు ఊపిరికి ఆగినప్పుడు స్వరం ఎట్లా నిలబెట్టినానో నాకు తెలియదు. అయిపోయిన తరువాత నాలుకతో చూసుకున్నాను. అన్నీ ఉన్నాయి, ఏదీ కదలలేదు. జనం అరుస్తున్నారు. ఇక భయం లేదు కదా, ఇప్పుడు వినాలనిపించింది. అందుకే ఎత్తుకున్నాను. రెండోసారి పద్యమంతా విన్నాను. చాలా బాగా పాడినావు.

చెప్పకుండా రావడం తప్పే. అప్పుడు మాట్లాడగలిగే స్థితిలో లేను.

నిన్న డాక్టరు దగ్గరికి పోయినాను. ఇది నయమై పోయే రోగం కాదట. అదుపులో పెట్టుకునేదట. మూడు నెలలకొకసారి వచ్చి చూపించుకోవాలి, మిగతా దినాలు నేను తోముకోవాలి, ఎప్పటిదాకా అంటే పండ్లు ఉన్నంత కాలం అన్నారు. సరేనన్నాను. నిన్ను కూడా అడిగినారు. ఈసారి కూడా వక్కాకు మానకుండా వస్తే వెనక్కి పంపిస్తామన్నారు.

ధర్మవరంలో ఉగాదికి నాటకం ఆడమని పిలిచినారని ఎర్రప్ప కార్డు రాసినాడు. అక్కడ జడ్జీలు ఉండరట, గంట కూడా ఉండదట. వస్తాను. యేసన్నను కూడా పిలవండి, ఉరుములు బాగున్నాయి.

క్లారినెట్ మూతికి కట్టే రీడ్లు నా దగ్గర ఉన్నవి పాతబడి చీలిపోయినాయి. బెంగుళూరుకు రాళ్ళు పోయే లారీ ఉంటే డ్రైవరుతో ఒక పెట్టె తెప్పించు. మెత్తవి, రెండో నంబరువి. పెట్టెలో పది ఉంటాయి, విడిగా రెండు మూడు చాలవా అని అంగడివాడు అడుగుతాడు. చాలవని చెప్పమను. పదీ కావాలి.

లక్ష్మీపతి